పాకం పోసిన చెయ్యి

కోటేశ్వరి టైపు కొడుతుంటే కింద సైకిలు షాపులో పంక్చర్లు వేసేవాళ్ళు కూడా గుర్తుపట్టేవారు. మిగతా పిల్లలు కొడితే చినుకులు రాలినట్టు ఆగి ఆగి వినబడేది. ఆమె కూర్చుంటే జల్లు పట్టినట్టే. "అదిగో, తొడాల మాణిక్యమ్మ కూతురు ఎక్కింది" అనుకునేవారు.

మాణిక్యమ్మ నరసరావుపేటలో మిరపకాయల కొట్లలో తొడాలు తీసే పనికి పోయేది. మొగుడు లారీ మీద పోయి మాచర్ల ఘాట్‌లో చచ్చిపోయిన దగ్గర్నుంచీ అదే పని. సాయంత్రం ఇంటికొచ్చి కారానికి మండే చేతులు గంట సేపు మజ్జిగలో పెట్టుకు కూర్చునేది. ఆ చేతులు చూసే కోటేశ్వరి టైపుకు చేరింది. పదో తరగతి ప్యాసై, లోయర్ ఫస్టు క్లాసులో ప్యాసై, 1983 ఎండాకాలంలో ఇంగ్లీషు హయ్యర్ పరీక్షకు కట్టింది.

హయ్యర్ ప్యాసవ్వాలంటే నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టాలి. ఆమె యాభై అయిదు కొట్టేది. ఊళ్ళో ఒక సొసైటీ ఆఫీసులో టైపిస్టు పోస్టు ఖాళీగా ఉంది. హయ్యర్ ప్యాసైన అమ్మాయి ఎవరైనా ఉంటే చెప్పమని ఆ ఆఫీసు సెక్రటరీ, ఇన్‌స్టిట్యూటు నడిపే పున్నారావు మాస్టారినే అడిగాడు. ఆ ఏడు హయ్యర్‌కు కూర్చున్న ఆడపిల్లలు ఇద్దరే. ఒకతె కోటేశ్వరి. రెండో ఆమె సుందరమ్మ, పున్నారావు భార్యకు స్వయానా చెల్లెలు. సుందరమ్మ స్పీడు నలభై రెండు దగ్గర ఆగి ఇంక కదల్లేదు.

ఆ రోజుల్లో పరీక్షకు ఎవరి మిషను వాళ్ళు తెచ్చుకోవాలి. ఇన్‌స్టిట్యూటులో రోజూ కొట్టే మిషనునే రిక్షా ఎక్కించుకుని సెంటరుకు పోవాలి. పరీక్షనాడు పొద్దున్నే కోటేశ్వరి తల్లిని తోడు తీసుకుని వెళ్ళేసరికి పున్నారావు ఆమె మిషను ముందు వంగి ఉన్నాడు.

"చుక్క నూనె వేశానమ్మా. తేలిగ్గా ఆడుద్ది" అన్నాడు ఆయన, చేతులు జేబురుమాలుకు తుడుచుకుంటూ.

ఆమె వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం తర్వాత నాలుగేళ్ళపాటు ఆమెకు అన్నం తింటుంటే గుర్తొచ్చేది, నీళ్ళు తోడుతుంటే గుర్తొచ్చేది.

హాల్లో కూర్చున్నాక చేతులు ఆడించుకోవడానికి కాసేపు కొట్టుకోనిచ్చారు. అప్పుడు మిషను బాగానే ఆడింది. గంట కొట్టి పేపరు ఇచ్చారు. మొదటి పేరా దాకా జల్లు పట్టినట్టే కొట్టింది. ఆ తర్వాత 'ఎస్' అక్షరం ఉన్న కడ్డీ లేచి కాగితానికి తగిలి, వెనక్కి రావడానికి బద్ధకించింది. దాని పక్కన 'ఇ'. పైన సీలింగు ఫ్యాను గిర్రున తిరుగుతున్నకొద్దీ ఒక్కొక్క కడ్డీ లేచింది లేచినట్టే నిలబడిపోసాగింది. ఒక చేత్తో కొడుతూ రెండో చేత్తో కడ్డీలు వెనక్కి నెట్టింది. పది నిమిషాల స్పీడు పేపరులో సగం కూడా కాలేదు. చుట్టూ నలభై మిషన్లు టకటకలాడుతుంటే ఆమె మిషను ఒక్కటే, నోట్లో అన్నం ముద్ద ఇరుక్కున్న మనిషిలా, గుటకలు మింగింది.

మధ్యాహ్నం మిషను తిరిగి తెచ్చి పెడితే పున్నారావు నలుగురి ముందూ కడ్డీలు వేలితో ముట్టుకుని చూశాడు. వేలు అతుక్కుంది.

"టీ పోశావా దీని మీద?"

"లేదండీ. నేను టీ తాగను కూడా..."

"మరెట్టా వచ్చింది ఈ జిగట? పరీక్ష భయానికి చేతులు వణికినోళ్ళు ఇంట్లో కూర్చోవాలి, ఇన్‌స్టిట్యూటు మిషను పాడుచేయకూడదు. దీన్ని బాగు చేయించి తెచ్చినాకే ఈ మెట్లెక్కు."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. వారం తిరక్కుండా ఆమెకు 'టీ కోటేశ్వరి' అని పేరు పడిపోయింది. మార్కెట్టులో కూరలమ్మే మనిషి కూడా "ఏ కోటేశ్వరీ, టీ కోటేశ్వరా?" అనడం మొదలుపెట్టింది.

మిషను నెత్తిన పెట్టుకుని ఆమె జాన్ సాహెబ్ కొట్టుకు పోయింది. ఆయన కుట్టు మిషన్లూ టైపు మిషన్లూ బాగుచేసే ముసలాయన. కోర్టులోవీ, తాలూకా ఆఫీసులోవీ అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. ఆయన మిషను వెలుతురుకు తిప్పి పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, వాసన చూశాడు. పుల్లతో కాస్త గీకి నాలిక చివర అంటించుకున్నాడు.

"టీ కాదు అమ్మాయ్. సుగంధి పాకం."

"షర్బతా బాబాయ్?"

"షర్బతు తాగేటప్పుడు ఒలికితే నీళ్ళు కలిపింది పడుద్ది. ఇది సీసాలోది సీసాలో ఉన్నట్టే ఉంది, చిక్కగా. నీళ్ళు కలపని పాకం ఎవరు తాగుతారు?" ఆయన వేలు పెట్టి చూపించాడు. "ఇంకోటి చూడు. పైనుంచి ఒలికితే ముందు మీటల మీద పడాలి. మీటలు శుభ్రంగా ఉన్నాయి. పడింది ఇక్కడ, సెగ్మెంటులో." అది అక్షరాల కడ్డీలన్నీ వరసగా దిగి ఉండే ఇనప దువ్వెన లాంటి భాగం. "చెంచాతో కొలిచి పోసినట్టు ఈ మూల నుంచి ఆ మూలకు పోశారు. ఇది ఒలికింది కాదమ్మా. పోసింది."

"మరి మొదట బాగానే ఆడింది కదా?"

"తడిగా ఉన్నంతసేపు నూనె లాగే ఆడుద్ది. గాలి తగిలి ఆరితే అప్పుడు పట్టుద్ది. పోసినోడికి ఆ సంగతి బాగా తెలుసు."

కోటేశ్వరి కొట్టు అరుగు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. కడుపులో ఏదో రాయి పడ్డట్టయింది. అది ఆ తర్వాత కరగలేదు.

మర్నాడు ఇన్‌స్టిట్యూటుకు పోయి, అందరూ వినేట్టే అడిగింది. "మాస్టారూ, నూనె అని చెప్పి మీరు పోసింది ఏంది?"

పున్నారావు కుర్చీలోంచి లేవలేదు. "సాక్ష్యం ఉందా? ఆ ముసలి సాయిబు చెప్పాడా? ఆయనకు దారం సూదిలోకి ఎక్కదు, పాకం కనపడిందంట." నవ్వి, గొంతు తగ్గించి అన్నాడు. "నిన్ను ఎవరు నమ్ముతారే? మళ్ళీ కట్టు. వచ్చే ఏడు రాయి. ఏం మునిగిపోయింది?"

మునిగిపోయింది. సుందరమ్మ ఎట్టాగో బొటాబొటీగా ప్యాసై నెల తిరిగేసరికి సొసైటీ ఆఫీసులో కూర్చుంది. కోటేశ్వరి ఆరునెలల తర్వాత సత్తెనపల్లి పోయి అక్కణ్ణించి పరీక్ష రాసి ఫస్టు క్లాసులో ప్యాసైంది. ఆ కాగితం పట్టుకుని ఎక్కని ఆఫీసు లేదు. ఈపూరు పోయింది, గురజాల పోయింది. ఎక్కడా ఖాళీ లేదు. ఉన్నచోట టీ సంగతి ఆమె కంటే ముందే వెళ్ళి కూర్చుంది.

అప్పటికే ఆమె జాన్ సాహెబ్ కొట్టులో పగలంతా ఉండేది. మొదట ఆ మిషను ఒక్కటీ బాగు చేసుకుందామని కూర్చుంది. ఇంట్లో కిరసనాయిలు పోసి తోమితే ఇంకా బంకైంది. ఆయన నవ్వి చెప్పాడు, పంచదారకు కిరసనాయిలు తెలియదు, నీళ్ళే తెలుసు అని. ముందు కాగిన నీళ్ళు పోసి పాకం కరిగించాలి. వెంటనే, ఒక్క క్షణం ఆలస్యం లేకుండా, ఊది తుడిచి ఎండలో పెట్టాలి. చుక్క నీళ్ళు లోపల నిలిచిందా, తెల్లారేసరికి తుప్పు. ఆరాక కిరసనాయిలు, పళ్ళ బ్రష్షు, ఆ పైన కుట్టు మిషను నూనె, అదీ చుక్క చుక్క. ఆమె రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క కడ్డీ కడిగింది. ఒక్కొక్క కడ్డీ కడుగుతూ పున్నారావు పేరు తలుచుకుంది. దేవుడి పేరు కూడా ఆమె అంత శ్రద్ధగా ఎన్నడూ తలుచుకోలేదు.

జాన్ సాహెబ్‌కు కళ్ళు మసకలు. ఆమె చేతులు చూసి ఆయనే అన్నాడు. "నీ వేళ్ళకు మిషను లోపల ఏముందో తెలుసుద్దే. రా, నేర్పుతా."

నాలుగేళ్ళు గడిచాయి. కోర్టు మిషన్లూ, స్కూళ్ళవీ, ఎడ్లపాడు దాకా ఆఫీసులవీ ఆమె చేతికొచ్చాయి. ఎలక తొక్కినవీ, సిరా ఒలికినవీ, పిల్లాడు అటుకులు పోసినవీ అన్నీ బాగు చేసింది. జనం ఇప్పుడు 'మిషను కోటేశ్వరి' అంటున్నారు. ఒక్క పున్నారావు మాత్రం తన మిషన్లు గుంటూరు పంపించి బాగు చేయించుకునేవాడు. దారిలో ఎదురైతే తల తిప్పుకునేవాడు. ఆమె మాత్రం తల తిప్పుకునేది కాదు. నిలబడి, ఆయన మలుపు తిరిగేదాకా చూసేది.

"చాలించే" అనేది మాణిక్యమ్మ. "వాడి పాపాన వాడే పోతాడు. నువ్వెందుకు కుమిలి కుమిలి ఎండిపోతావు? సంబంధాలొస్తుంటే కాదంటావు."

"వాడు పోతాడని నువ్వు చెప్పి నాలుగేళ్ళయింది. లావెక్కాడు."

1987లో ఆఫీసుల్లో తెలుగు టైపు తెలిసినవాళ్ళు కావాలని అడగడం ఎక్కువైంది. పున్నారావు తెలుగు సెక్షను పెడతానని బోర్డు రాయించాడు. కానీ ఆయన ప్యాసైంది ఇంగ్లీషు ఒక్కటే. తెలుగు నేర్పాలంటే ముందు తను తెలుగు హయ్యర్ ప్యాసవ్వాలి. సెకండ్ హ్యాండు తెలుగు మిషను ఒకటి కొని, తలుపులు వేసుకుని ఆరు నెలలు సాధన చేశాడు. నలభై అయిదేళ్ళ వయసులో, తన శిష్యులు కూర్చునే హాల్లోనే, నవంబరు పరీక్షకు కట్టాడు. ఆ సంగతి జాన్ సాహెబ్ కొట్టుకొచ్చిన కోర్టు గుమస్తా నోటి నుంచి విన్నప్పుడు కోటేశ్వరి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే పచారీ కొట్టుకు పోయి సుగంధి పాకం సీసా కొన్నది.

"చలికాలంలో షర్బతేందమ్మాయ్?" అన్నాడు కొట్టాయన.

"ఒకాయనకు వేడి చేసింది" అంది.

పరీక్ష సెంటరు హైస్కూలు. హెడ్మాస్టరు చలమయ్య ఎప్పుడూ ముందురోజే మిషన్లన్నీ తెప్పించి, బల్లల మీద నంబరు చీటీలు అతికించి, సాయంత్రం ఆరింటికి హాలుకు తాళం వేయించేవాడు. ఏ మిషనైనా మొరాయిస్తే చూడ్డానికి జాన్ సాహెబ్‌నూ, ఇప్పుడు ఆయన బదులు కోటేశ్వరినీ పిలిపించేవాడు. ఆ రోజు మూడు గంటలకు ఆమె సంచి భుజాన వేసుకుని హాల్లోకి పోయింది. బయట తుపాను ముసురు. రెండు రోజులుగా సూర్యుడు లేడు. అటెండరు వరండాలో బీడీ కాలుస్తున్నాడు. హాల్లో మిషన్లు తప్ప ఎవరూ లేరు.

వరసగా ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది. ఒకదానికి రిబ్బను సరిచేసింది. ఇంకోదానికి బెల్టు బిగించింది. కిటికీ పక్కన పున్నారావు తెలుగు మిషను దగ్గరికొచ్చి ఆగింది. మూత తీసింది. కడ్డీలు తళతళలాడుతున్నాయి. గుంటూరు మెకానిక్కు బాగానే చేశాడు అనుకుంది. సంచిలోంచి సీసా తీసి బిరడా ఊడదీసింది. వాసన గుప్పుమంది.

నాలుగేళ్ళ క్రితం దణ్ణం పెట్టిన పొద్దు కళ్ళ ముందు నిలబడింది. జేబురుమాలుకు చేతులు తుడుచుకుంటూ ఆయన నవ్విన నవ్వు కనబడింది. సీసా వంచింది. పాకం మూతి దాకా వచ్చి నిలబడింది. చెయ్యి ఇంక వంగలేదు.

జాలి కాదు. పున్నారావు మీద ఆమెకు చీమ తలంత జాలి కూడా లేదు. ఎన్ని మిషన్లలోంచో పుల్లలతో, బ్రష్షులతో జిగట లాగి బయటపడేసిన చెయ్యి అది. లోపలికి పొయ్యమంటే మాట వినలేదు. "పొయ్యి" అని పళ్ళు బిగించి తనకు తనే చెప్పుకుంది. వేళ్ళు బిగుసుకుపోయాయి. తన చేతి మీద తనకే కోపం వచ్చింది.

అప్పుడు గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పున్నారావు.

ఆయన చూసింది ఇదీ. తన మిషను మూత తీసి ఉంది. దాని ముందు కోటేశ్వరి. ఆమె చేతిలో బిరడా లేని సుగంధి సీసా. హాలంతా అదే వాసన.

ఆయన ముఖంలో రంగు మారడం ఆమె చూసింది. కోటేశ్వరికి ఒక్కసారిగా తేలికైంది. ఏం చెయ్యాలో ఎవరో చెప్పినట్టే తెలిసింది. తొందరపడకుండా మూలనున్న కుండ దగ్గరికి పోయి, గ్లాసులో నీళ్ళు ముంచి, సీసాలోంచి పాకం పోసి కలిపింది. ఆయన కళ్ళలోకి చూస్తూ గుక్క గుక్కగా తాగింది.

"తాగుతారా మాస్టారూ? చలవ చేసుద్ది."

"ఏం... ఏం చేస్తున్నావు నా మిషను దగ్గర?"

"హెడ్మాస్టరుగారు చూడమన్నారు. చూశా." గ్లాసు కడిగి బోర్లించింది. "చానా తేలిగ్గా ఆడుద్ది. రేపు మీరే చూస్తారుగా."

సంచి తీసుకుని బయటికొచ్చింది. గేటు ఎదురుగా టీ బడ్డీ ఉంది. బల్ల మీద కూర్చుని, జీవితంలో మొదటిసారి టీ అడిగి తెప్పించుకుంది. కిటికీలోంచి పున్నారావు కనబడుతున్నాడు. కూర్చుని కాగితం ఎక్కించి కొట్టాడు. ఆగాడు. మళ్ళీ కొట్టాడు. మిషను బాగానే ఆడుతోంది. ఇంకెవరైనా అయితే ఊపిరి పీల్చుకుని ఇంటికి పోయేవారు. కానీ పాకం మొదట బాగానే ఆడుతుందని ఆయనకు తెలుసు. బాగా ఆడినకొద్దీ ఆయనకు భయం పెరిగింది. వేలు పెట్టి చూశాడు, లేచాడు, కూర్చున్నాడు. హెడ్మాస్టరుకు చెబుదామంటే, విప్పి చూడాల్సిన మెకానిక్కు కోటేశ్వరే. మార్చుకుందామంటే ఆయనకున్న తెలుగు మిషను అదొక్కటే.

కాసేపటికి అటెండరు బడ్డీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "కెటిలు నిండా కాగిన నీళ్ళు పోయన్నా. పున్నారావు మాస్టారికి."

కోటేశ్వరి గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. ఈ ముసురులో నీళ్ళు పోస్తే ఆరదు. ఎండ లేదు. ఆరింటికి తాళం పడుద్ది. తెల్లారేసరికి ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. రోడ్డు దాటి పోయి ఒక్క మాట చెబితే చాలు, మాస్టారూ ఏమీ పొయ్యలేదు అని. ఆమె ఇంకో టీ చెప్పింది.

మర్నాడు పది గంటలకు పరీక్ష మొదలైంది. వరండాలో స్టూలు మీద కోటేశ్వరి, పక్కన కర్ర పట్టుకుని జాన్ సాహెబ్ కూర్చున్నారు. పెద్ద గొడవైతే అవసరమని ఆమే ఆయన్ని తీసుకొచ్చింది. కిటికీలోంచి వినబడుతోంది. అన్ని మిషన్ల మధ్యా ఒక మిషను కిర్రుకిర్రుమంటోంది. కడ్డీలు ఎర్రటి తుప్పు నూగుతో మెల్లగా లేస్తున్నాయి. తడిసిన రిబ్బను కాగితమంతా మసి పూస్తోంది. కొమ్ములు పడితే గుడులు పడటం లేదు. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు. పున్నారావు రెండు చేతులతో కడ్డీలు వెనక్కి నెట్టుకుంటున్నాడు. ఆయన ముందు వరసలో ఇంగ్లీషుకు కూర్చున్న ఆయన శిష్యులే జల్లు కురిపిస్తున్నారు.

పేపరు అయిందని గంట కొట్టగానే ఆయన లేచి వరండాలోకి వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకంటుకుంది.

"హెడ్మాస్టరుగారూ, ఇట్రండి. ఈ మనిషి నా మిషన్లో సుగంధి పాకం పోసింది. నా పరీక్ష పాడు చేసింది. నా కళ్ళతో చూశా, సీసా పట్టుకుని నిలబడి ఉంది."

పిల్లలంతా మూగారు. అందులో కోటేశ్వరితో కలిసి నేర్చుకున్నవాళ్ళు కొందరున్నారు. సొసైటీ ఆఫీసు తరఫున తెలుగు లోయర్ రాయడానికి వచ్చిన సుందరమ్మ కూడా ఉంది. చలమయ్య నిదానమైన మనిషి. మిషను వరండాలోకి తెప్పించి జాన్ సాహెబ్ ముందు పెట్టించాడు.

ముసలాయన వేళ్ళతో తడిమాడు. పుల్లతో గీకాడు, వాసన చూశాడు, నాలిక చివర అంటించుకున్నాడు.

"పాకం లేదు సార్. జిగట లేదు. నీళ్ళు పోసి ఆరబెట్టలేదు. తుప్పు."

"నీళ్ళు పోసింది నేనే!" అన్నాడు పున్నారావు. "పాకం పోవాలని నేనే పోశా. అది సెగ్మెంటులో పోసింది. అక్కడ పోస్తే ముందు ఏమీ తెలియదు, తడిగా ఉన్నప్పుడు అయిదు నిమిషాలు బ్రహ్మాండంగా ఆడుద్ది, పరీక్ష మధ్యలో ఆరిపోయి అప్పుడు పట్టుద్ది. అందుకని..."

మధ్యలో ఆగిపోయాడు. ఆగేటప్పటికే ఆలస్యమైంది.

కోటేశ్వరి స్టూలు మీంచి లేచింది. గొంతు పెంచలేదు. "మాస్టారూ, మీరు ఇన్‌స్టిట్యూటు నడిపేవాళ్ళు. రిపేరీలు తెలియవు. ఎక్కడ పోస్తే కనపడదో, ఎన్ని నిమిషాలు ఆడుద్దో, ఎప్పుడు పట్టుద్దో మీకెట్టా తెలుసు?"

చలమయ్య పున్నారావు వంక చూశాడు. నాలుగేళ్ళ క్రితం హాల్లో పర్యవేక్షణ చేసింది చలమయ్యే. ఒక చేత్తో కడ్డీలు నెడుతూ రెండో చేత్తో కొట్టుకుంటున్న అమ్మాయిని ఆయన మర్చిపోలేదు.

"ఆ రోజు టీ అన్నారు కదండీ మీరు" అన్నాడు చలమయ్య నెమ్మదిగా.

జనం కళ్ళు పున్నారావు మీంచి సుందరమ్మ మీదికి మళ్ళాయి. ఆమె తల వంచుకుని, చేతిలో హాలు టిక్కెట్టు మడిచి విప్పి మడిచి, గుంపులోంచి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. ఆమె నడక చాలు. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

పున్నారావు మిషను అక్కడే వదిలేసి గొడుగు లేకుండా వానలోకి దిగిపోయాడు. ఆయన శిష్యుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు కోటేశ్వరి చెవికి తేనె చుక్కలా తగిలింది.

ఇంటికి పోయేటప్పుడు జాన్ సాహెబ్ సందు మలుపులో ఆగి అడిగాడు.

"వాడు నీళ్ళు పోస్తున్నాడని నీకు తెలుసా?"

"తెలుసు బాబాయ్."

"ఆరబెట్టడం వాడికి రాదనీ తెలుసు."

"తెలుసు."

"వాడికి జరగాల్సిందే జరిగింది. నేను కాదనను." కర్ర నేలకు తాటించాడు. "కానీ మిషను చావబోతుంటే చూస్తూ కూర్చున్న మెకానిక్కువు నువ్వు. నా దగ్గర నేర్చుకున్నదానివి. ఆ మిషను తీసుకెళ్ళి బాగు చెయ్యి. వాడి కోసం కాదు."

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా మిషను తెచ్చి, కడ్డీలన్నీ ఊడదీసి, కిరసనాయిలులో రెండు రోజులు నానేసింది. సన్న గరుకు కాగితంతో ఒక్కొక్క అక్షరం తోమింది. తలకట్టు, గుడి, కొమ్ము, వట్రుసుడి. మబ్బు విడిచిన రోజు ఎండలో పెట్టింది. ఈసారి తోముతూ ఎవరి పేరూ తలుచుకోలేదు. తలుచుకుందామని చూసింది కానీ, వేళ్ళు పనిలో పడి మనసు అటు పోలేదు.

ఇన్‌స్టిట్యూటుకు పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. అమ్మానాన్నలు వచ్చి, మాటా పలుకూ లేకుండా, పిల్లల్ని వేరే చోట చేర్చారు. తెలుగు సెక్షను బోర్డు వానకు చెరిగిపోతే ఎవరూ మళ్ళీ రాయించలేదు. సంక్రాంతి వెళ్ళాక పున్నారావు మకాం వినుకొండకు మారుస్తున్నాడని తెలిసింది. పోయే ముందు రోజు మిట్టమధ్యాహ్నం ఆయన కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. కండువా తలకు చుట్టుకున్నాడు. కూర్చోమని ఆమె అనలేదు.

"నా మిషను ఉందంట."

తీసి బల్ల మీద పెట్టింది. కాగితం ఎక్కించి, "చూసుకోండి" అంది. ఆయన ఒక లైను కొట్టాడు. ప్రతి అక్షరం లేచి, తగిలి, దిగింది. ఆయన చేతులు మీటల మీదే ఉండిపోయాయి. ఏదో చెప్పాలని పెదాలు కదిలాయి. ఆమె చూస్తూ నిలబడింది, సాయం చెయ్యలేదు. ఆయన మిషను ఎత్తుకుని మెట్లు దిగాడు.

"మాస్టారూ" అని పిలిచింది.

ఆయన వెనక్కి తిరిగాడు. ముఖంలో ఏదో ఆశ.

"నీళ్ళు పోశాక వెంటనే ఎండలో పెట్టాలి. వినుకొండలోనైనా గుర్తుపెట్టుకోండి."

ఆ తర్వాతి వారం సుందరమ్మ వచ్చింది. ఆఫీసు మానేస్తానంది. ఆ పోస్టు కోటేశ్వరిదేనంది. కళ్ళు తుడుచుకుంది.

"నాకొద్దు" అంది కోటేశ్వరి, చేస్తున్న పని ఆపకుండా. "నీ కుర్చీలో నువ్వే కూర్చో. రోజూ కూర్చో. నీ మిషను చెడితే మాత్రం నా దగ్గరికి తేబాకు. గుంటూరు పంపించుకో."

సుందరమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సంగతంతా విని మాణిక్యమ్మ మజ్జిగ గిన్నె పక్కకు జరిపి కూతురి ముఖంలోకి చూసింది.

"ఇప్పటికన్నా చల్లారిందా?"

కోటేశ్వరి నిజంగానే ఆలోచించింది. లోపల తడిమి చూసుకుంది. రాయి చిన్నదైంది కానీ పోలేదు.

"ఇంకా కొంచెం ఉందమ్మా" అంది. "ఉండనీ."